తీగెలు తెంపే చెయ్యి

దానియేలు చెయ్యి సంగతి ఇబ్రహీంపట్నంల ఎవ్వలనన్నా అడుగుండ్రి, ముందు నవ్వుతరు, ఆ తర్వాత చెప్తరు. బేస్ గిటారుకు ఉండేటియే నాలుగు తీగెలు. మామూలు గిటారు తీగెల లెక్క వెంట్రుకంత సన్నగుండవు అవి, సైకిల్ బ్రేకు వైరు లెక్క ఉంటయి. ఒక్కసారి ఎక్కిస్తె ఏండ్లకేండ్లు కదలవు. అసుంటి తీగెలను దానియేలు వట్టి వేళ్లతోటి తెంపేటోడు. ఒక్క ఏడాదిల ఒకటి కాదు రెండు కాదు, పదకొండు! చర్చిల పాట మంచి ఊపుల ఉన్నప్పుడు ఠప్పుమని సప్పుడైతె, వెనుక కూసున్న ముసలవ్వలు కండ్లు తెరువకుంటనే అనేటోళ్లు: "అయింది, దానియేలు తెంపిండు."

అందరు నవ్వేటోళ్లు. దానియేలు సుత నవ్వేటోడు. గని ఆ నవ్వు మూతి మీదనే. తీగె ఎందుకు తెగుతున్నదో ఆయనకొక్కనికే ఎర్క. అది బయటపడితె చేతిలున్న బస్సు స్టీరింగు పోతది, ఇల్లు ఆగమైతది. అందుకే తీగె తెగినప్పుడల్లా ఆయన తీగెను చూసేటోడు కాదు, చుట్టూ ఉన్న మొఖాలను చూసేటోడు, ఎవలన్న కనిపెట్టిన్రా అని.

ఇట్ల నడిమిట్ల చెప్తే మీకు సమజ్ కాదు, మొదటికెళ్లి చెప్త.

దానియేలు తండ్రి నారయ్య డప్పు కొట్టేటోడు. ఊర్ల పెండ్లైనా చావైనా నారయ్య డప్పు లేంది కదిలేది కాదు. ప్రభువును నమ్ముకున్నంక చావుల కాడికి పోవుడు బంద్ చేసిండు గని డప్పును ఇడువలే, తెచ్చి చర్చిల పెట్టుకున్నడు. కొడుకుకు ఏడేండ్లప్పటి సంది నేర్పిండు. గడ్డి మంట మీద డప్పెట్ల కాపాలె, ఏ వేలు ఎక్కడ పడాలె, అన్నీ. సప్పుడు సరిగ రాకపోతె ఒక్కటే మాట చెప్పేటోడు: "డప్పును తిట్టకు కొడుకా. నీ చెయ్యి బద్ధకమైంది. ఇంకింత గట్టిగ కొట్టు." గా మాట దానియేలు బొక్కలల్ల ఇంకిపోయింది. తర్వాత సిటీకెళ్లి కీబోర్డు వచ్చింది, బేస్ గిటారు వచ్చింది. డప్పు మూలకు పడ్డది, గిటారు దానియేలు మెడల పడ్డది. చెయ్యి మాత్రం డప్పు చెయ్యే.

అవి హైదరాబాదు ఉబ్బుతున్న దినాలు. ఎటు చూసినా వెంచర్లు, హద్దురాళ్లు, రంగురంగుల జెండాలు. సిటీల గన్ని మేడలు ఉత్తగనే లేసినయనుకున్నరా? మా దిక్కు గుట్టలు పలిగితె లేసినయి. దానియేలు పన్నెండేండ్లు కంకర మిషిన్ కాడ టిప్పర్ నడిపిండు. పొద్దుగూకెదాక ఆ మిషిన్ రాళ్లు నములుతనే ఉండేది. పక్క మనిషి ఏమంటున్నడో పెదవులు చూసి తెలుసుకోవాలె. చెవులల్ల దూది పెట్టుకోండ్రని చెప్పినోడు ఒక్కడు లేడు. చెప్పినా ఇనేటోళ్లు కాదు, దూది పెట్టుకుంటె మొగోడేనా అని నవ్వుకునే జమాన అది.

ఆ తర్వాత వానకు పుట్టగొడుగులు లేసినట్టు ఇంజనీరింగ్ కాలేజీలు లేసినయి. రెండువేల ఏడుల దానియేలుకు ఒక కాలేజీల బస్సు డ్రైవర్ నౌకరి దొరికింది. పెండ్లాం ప్రేమమ్మ సంబురానికి అంతులేదు. ఆ కాలేజీలనే తన బిడ్డ మనోజకు సుత సీటొచ్చింది. దుమ్ముల బతికిన మనిషి, తెల్లంగి తొడుక్కొని పొద్దున్నే బాలాపూర్ పోయి, నాదర్‌గుల్ మీదికెళ్లి పిల్లలను ఎక్కించుకొని ఇబ్రహీంపట్నం తెచ్చి దింపేటోడు.

బస్సుకు ఒక క్లీనర్ ఉండె, వీరస్వామి. ఆయనది బాలాపూరే, దానియేలు ఈడోడే. వాళ్లిద్దరికి మాటలతోటి పని లేకుండె. వీరస్వామి బస్సు రేకు మీద అరచేతితోటి ఒక్క దెబ్బ కొడితె ఆపుమని, రెండు దెబ్బలు కొడితె పోనియ్యిమని. ముందుకు పోయినా అదే లెక్క, వెనుకకు తీసినా అదే లెక్క. బస్సులు నడిపేటోళ్లందరు ఎరిగిన లెక్కనే అది. గని దానియేలుకు ఆ దెబ్బ చెవులకెళ్లి కాదు, సీటుకెళ్లి వచ్చేది, వెన్నుబొక్కకు తాకేది.

ఇనబడ్తలేదని ఆయనకు మొదలు తెలిసింది నాదర్‌గుల్ కాడ. అక్కడ విమానాలు నడుపుడు నేర్పుతరు. చిన్న చిన్న విమానాలు పొద్దంత గుయ్యిమనుకుంట రోడ్డు మీదికెళ్లి పోతుంటయి. ఒకనాడు బస్సు ముందటికెళ్లి రోడ్డు మీద రెక్కల నీడ సర్రున పోయింది. నీడ పోయింది, సప్పుడు రాలే. దానియేలు అద్దంల చూసిండు. పిల్లలంత కిటికీలల్ల మెడలు పెట్టి మీదికి చూస్తున్నరు. వాళ్లకు ఇనబడ్డది. తనకే ఇనబడలే. దేవుడా! ఆయన అరచేతులు చెమట పట్టి స్టీరింగు జారింది.

ఆనాటి సంది మనిషిని భయం, బుగులు పట్టుకున్నది. తిన్నా బుగులే, పన్నా బుగులే. ముందు పక్షులు పోయినయి, ఆ తర్వాత ఆడోళ్ల గొంతులు పోయినయి. ప్రేమమ్మ వెనుకకెళ్లి పిలిస్తె పలికేటోడు కాదు. "చెవిటోని ముందట శంఖం ఊదినట్టున్నది నీతోని సంసారం" అని ఆమె నోరు చేసుకునేది. ఫోను మోగితె ఆమె చేతిల పెట్టి "చేతులు మురికున్నయి, నువ్వే మాట్లాడు" అనేటోడు. చేతులు కడిగిన ఐదు నిమిషాలకు సుత మురికే! దవాఖానకు పోదామంటె, అక్కడ రాసిచ్చిన చీటీ ఎట్లనో ఒకట్ల కాలేజీకి చేరుతదని భయం. చెవిటి డ్రైవరుకు బస్సెవలిస్తరు?

ఆఖరుకు ఒక్కటే మిగిలింది, బేస్ సప్పుడు. పాడే గొంతులు పోయినయి, కీబోర్డు పోయింది. గని ఆ లావు తీగె గుమ్మ్ మని మోగుడు మాత్రం లోపటికెళ్లి ఇనబడేది. ఆదివారం ఆ సప్పుడు చెవుల పడితె చాలు, ఇంకో వారం బతుకొచ్చు అన్నట్టుండేది ఆయనకు. తీరా అది సుత సన్నబడుడు షురువైంది. స్పీకర్ డబ్బ సప్పుడు పెంచుమంటె అనుమానమొస్తది. ఇంకేం చెయ్యాలె? తండ్రి చెప్పిందే చేసిండు. చెయ్యి బద్ధకమైందనుకున్నడు. ఇంకింత గట్టిగ కొట్టిండు. తీగె తెగింది. కొత్తది ఎక్కించిండు, ఇంకా గట్టిగ కొట్టిండు. అదీ తెగింది.

కోఠిల గిటార్ల దుకాణమాయన తొమ్మిదో తీగె ఇచ్చేటప్పుడు ఆయన మొఖంలకు చూసి, "ఏం కథ భాయ్, గొడ్డలితోని కొడుతున్నవా? నా దుకాణంల బేస్ తీగె కోసం ఇన్నిసార్లు వచ్చినోడు నువ్వొక్కనివే" అన్నడు. దానియేలు తీగె జేబుల కుక్కుకొని బయటపడ్డడు. మళ్ల ఆ దుకాణం మెట్లెక్కలే. పదోది, పదకొండోది వేరే తాన కొన్నడు.

చర్చిల కీబోర్డు వాయించేది మనోజనే. బాపు చెయ్యి బరువెక్కినప్పుడల్లా అరచెయ్యి కిందికి తిప్పి గాలిని రెండుసార్లు మెల్లగ అదిమేది. మెల్లగ బాపు, మెల్లగ అని. ఆ సైగ చూసి దానియేలు తగ్గించేటోడు. రెండు నిమిషాలైతె మళ్ల మొదటికే. ఒక ఆదివారం తీగె తెగి మొఖానికి కొట్టుకున్నది, కంటి కింద చీరుకపోయింది. పాస్టరయ్య నవ్వుకుంట భుజం మీద చెయ్యేసి అన్నడు: "దానియేలూ, దేవుడు చెవిటోడు కాదయ్యా, జర మెల్లగ కొట్టు!"

ఆ పెదవుల మీద చెవిటోడు అన్న మాట కనబడంగనే దానియేలు పైపానాలు పైన్నే పోయినయి. కంటి కింద నెత్తురు కారుతుంటె తుడుచుకోవాలన్న సోయి లేకుండ నిలబడ్డడు. పాస్టరయ్యకు ఏం తెలుసు పాపం, ఉత్త మజాకు చేసిండు.

ఇగ అసలు దినం చెప్త. వినాయకుని నిమజ్జనం అయిన తెల్లారి. వీరస్వామి బాలాపూర్ లడ్డు వేలం చూసి, ఆ తర్వాత ఊరేగింపుల రెండు కాళ్లు అరిగెదాక ఎగిరిండంట. తెల్లారి బస్సు కాడికి రాలే. దానియేలు కొద్దిసేపు చూసిండు. పిల్లలు టైము అయితున్నదని గడియారాలు చూపిస్తున్నరు. ఒక్కనాటికేమైతదిలే అనుకొని ఒక్కడే తీసిండు. గీ ఏమైతదిలే అన్న మాటను మొదలు తగలబెట్టాలె.

కాలేజీ గేటు కాడ పిల్లలు దిగిన్రు. చౌరస్తాల ఎక్కిన మనోజ సుత దిగింది. బస్సును వెనుకకు తీసి గోడ పొంటి నీడకు పెట్టుడు రోజూ ఉండే పనే. రోజు వీరస్వామి వెనుక నిలబడి రేకు కొడుతుండె. ఇయ్యాల అద్దాలే దిక్కు. దానియేలు కుడి అద్దంల చూసిండు, ఎడమ అద్దంల చూసిండు, ఎవ్వలు లేరు. గేరేసిండు.

గోడ కాడ సుక్కమ్మ ఉన్నది. కందుకూరు దిక్కుకెళ్లి సీతాఫలాల గంప తెచ్చి గేటు ముందట అమ్మే ముసలామె. ఎండ పొడుస్తున్నదని ఆనాడు గంప జరుపుకొని గోడ నీడకొచ్చి కూసున్నది, సరిగ్గ బస్సు వెనుక, అద్దానికందని జాగల.

బస్సు వెనుకకు పోతున్నది. దానియేలు వెన్నుకు రెండు దెబ్బలు తాకినయి. దబ్, దబ్. ఓహో, వీరస్వామి వచ్చిండు, పోనియ్యిమంటున్నడు! ఆయన పానం నిమ్మళమైంది. ఇంకింత వెనుకకు ఇడిసిండు. మళ్ల రెండు దెబ్బలు, ఈసారి జల్ది జల్ది. ఇడిసిండు. అప్పుడు ఎడమ అద్దంల మనోజ కనబడ్డది. బస్సు పొంటి ఉరుకుతున్నది. రెండు చేతులతోటి రేకు కొడుతున్నది. నోరు ఇంతగనం తెరిచి ఉన్నది, మెడ నరాలు ఉబ్బి ఉన్నయి. సప్పుడు మాత్రం లేదు. ఏమీ లేదు.

దానియేలు బ్రేకు మీద నిలబడ్డడు.

దిగి వెనుకకు ఉరికిండు. టైరు కింద గంప నలిగి ఉన్నది. టైరుకు తెల్లటి గుజ్జు అంటింది, నల్లటి గింజలు అంటినయి. అదేందో అర్థమయ్యెదాక ఆయనకు ఊపిరి రాలే. సుక్కమ్మ గోడకు ఆనుకొని ఉన్నది, బతికే ఉన్నది. మోకాలు గీసుకపోయింది. టైరుకు ఆమె కాళ్లకు నడుమ జానెడు జాగ ఉన్నదో లేదో. ఆమె చెయ్యి చాపి మొత్తుకుంటున్నది, పెదవులల్ల దొరికినకాడికి దొరికింది: "గింత మంది ఒర్రుతుంటె ఇనవేందిరా కొడుకా? నన్ను సంపుతవా?"

"బ్రేకు పట్టలే అవ్వా" అన్నడు దానియేలు. అబద్ధం నోట్లకెళ్లి అంత జల్ది ఎట్లొచ్చిందో ఆయనకే తెల్వది. పిల్లలు సుక్కమ్మకు నీళ్లు తాగించిన్రు, నలగని పండ్లు ఏరి పెట్టిన్రు. అందరు బ్రేకునే తిట్టిన్రు. మనోజ ఒక్కతే బ్రేకును తిట్టలే. బాపు మొఖంలకు చూసింది, పుస్తకాలు తీసుకొని లోపటికి పోయింది.

ఆనాటికెళ్లి దానియేలు కన్నబిడ్డకే భయపడ్డడు. ఇంట్ల ఆమె ఉన్న అర్రలకు పోయేటోడు కాదు. బస్సు దిక్కు చూస్తె తెల్లగుజ్జు కండ్లల్ల మెదిలేది. సీతాఫలం కాకుండ ఇంకేమన్నుంటె? రెండు భయాలు ఆయనను చెరో రెక్క పట్టి గుంజుతున్నయి. తెలిస్తె స్టీరింగు పోతది. తెల్వకపోతె ఎవలిదో పానం పోతది. అయినా వీరస్వామి మళ్ల పనికొచ్చిండు కదా, ఇగ ఏం కాదు అని చెప్పుకొని మూడు దినాలు బస్సు తీసిండు.

శనివారం పగటిపూట చర్చిల పాటలు సాధన చేస్తరు. ఆనాడు పాడేటోళ్లు ఇంక రాలే. బాపు, బిడ్డ ఇద్దరే ఉన్నరు. మనోజ చేతితోటి మూడు వేళ్లు చూపించింది, మూడు చరణాల పాట. దానియేలు గిటారు మెడలేసుకున్నడు, కండ్లు మూసుకున్నడు. భయమైనప్పుడు ఆయనకున్న ఒక్క జాగ అది. కొట్టిండు. గుమ్మ్. ఉన్నది, ఇంక ఉన్నది! పానం లేసొచ్చింది. రెండో చరణంల ఇంకింత గట్టిగ కొట్టిండు. మూడో చరణంల నారయ్య కొడుకే కొట్టిండు, భుజం కాడికెళ్లి కొట్టిండు. తీగె వేలి కింద తెగింది.

కండ్లు తెరిచిండు. మనోజ కీబోర్డు కాడ లేదు. స్పీకర్ డబ్బ పక్కన నిలబడి ఉన్నది. గిటారుకెళ్లి డబ్బకు పోయే వైరు కొస ఆమె చేతిల ఉన్నది. కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి.

ఆమె దగ్గరికొచ్చింది. పెదవులు కనబడేటట్టు ఎదురుంగ నిలబడి, ఒక్కొక్క మాట ఇడమరిచి అన్నది: "వైరెప్పుడు తీసిన్నో ఎర్కేనా బాపు?"

దానియేలు తల అడ్డంగ ఊపిండు.

"మొదటి చరణంలనే."

ఆయన గిటారు దిక్కు చూసిండు. రెండు చరణాలకు పైన గాలికి కొట్టిండు. గుమ్మ్ మని ఇనబడ్డదంత వేళ్లకు తెలిసిందే, చెవులకు తెలిసింది కాదు. ఆఖరి సప్పుడు పోయి ఎన్నాళ్లైందో ఏమో, ఉన్నదనుకొనే బతుకుతున్నడు.

ముందు ఆయనకు కోపమొచ్చింది. "నన్ను పరీక్ష పెడతవా!" అన్నడు. ఆ కోపం నిమిషం నిలబడలే. బిడ్డ రెండు చేతులు పట్టుకున్నడు. "ఎవ్వలికి చెప్పకు మనోజా. నీ కాళ్లు మొక్కుత. స్టీరింగు పోతె నేనేం చెయ్యాలె? కంకర మిషిన్ కాడికి సుత రానియ్యరు."

మనోజ చేతులు గుంజుకోలే. "ఆనాడు నేను బాపూ అని పిలిచిన" అన్నది. "పానం పోయేటట్టు ఒర్రిన. ఆపుమని రేకు కొట్టిన. నేను కొడుతున్న కొద్ది నువ్వు వెనుకకొస్తున్నవ్."

రెండు దెబ్బలు పోనియ్యిమని. అది ఆమెకేం తెలుసు? ఆపుమని బిడ్డ కొట్టిన దెబ్బలనే పట్టుకొని తను ముసలామె మీదికి పోయిండు. దానియేలు బెంచీ మీద కూలబడ్డడు.

తలెత్తి, "ఒక్కపారి పిలువు" అన్నడు. "బాపూ అని పిలువు. ఎంత గట్టిగనన్న పిలువు." అని కండ్లు గట్టిగ మూసుకున్నడు.

ఆగిండు. ఇంకా ఆగిండు. పిలుస్తదేమో, ఇంక పిలువలేదేమో అనుకున్నడు. కండ్లు తెరిచెసరికి మనోజ రొప్పుతున్నది, గొంతు పట్టుకొని దగ్గుతున్నది. చర్చి తలుపు కాడికి పక్కింటోళ్లు ఉరికొచ్చి నిలబడ్డరు, ఏమైందని.

దానియేలు జేబులకెళ్లి బస్సు తాళాలు తీసి బిడ్డ చేతిల పెట్టిండు.

ఆ రాత్రి ప్రేమమ్మకు చెప్పిన్రు. ఆమె ముందు నమ్మలే. నమ్మినంక గోడకు ఒరిగి, మొగని మొఖం తన దిక్కు తిప్పుకొని, "చెవిటోని ముందట శంఖమని తిట్టిన కదయ్యా నిన్ను" అని ఏడ్చింది. ఆదివారం గిటారు మూలకు ఆనిచ్చి ఉన్నది. దానియేలు వెనుక బెంచీల కూసున్నడు. పాస్టరయ్య తీగె లేదేమో అనుకున్నడు.

సోమవారం వీరస్వామి బస్సు కాడ ఎదురుచూస్తనే ఉన్నడు. దానియేలు బస్సు కాడికి పోలే. మనోజను ఎంటబెట్టుకొని గేటు లోపటికి పోయిండు. బస్సులను చూసే వినోద్ కుమార్ సారు చెట్టు కింద నిలబడి డ్రైవర్లతోటి మాట్లాడుతున్నడు. గేటు కాడ సుక్కమ్మ కొత్త గంపతోటి కూసున్నది, మోకాలికి గుడ్డ కట్టుకొని. ఆమెను చూడంగనే దానియేలు కాళ్లు తిరిగిపోదామన్నయి. మనోజ పక్కన లేకుంటె తిరిగే పోతుండె.

సారు ముందట నిలబడ్డడు. గిది నలుగురిల చెప్పే మాటనా, ఇజ్జత్ పోయే మాట. అందుకని మెల్లగ, సారుకొక్కనికే ఇనబడేటట్టు చెప్పిండు:

"నాకు చెవులు ఇనబడ్తలేవు సార్. ఆనాడు బ్రేకు మంచిగనే ఉండె."

సారు ఉలిక్కిపడి ఒక అడుగు వెనుకకేసిండు. చుట్టూ ఉన్న డ్రైవర్లు తిరిగి చూసిన్రు. మెట్ల మీద పోతున్న పిల్లలు ఆగి చూసిన్రు. గేటు కాడ సుక్కమ్మ లేసి నిలబడ్డది. దానియేలుకు ఎందుకో అర్థం కాలే. బిడ్డ దిక్కు తిరిగిండు.

మనోజ అరచెయ్యి కిందికి తిప్పి, గాలిని రెండుసార్లు మెల్లగ అదిమింది.